మూడు మైక్రాన్ల పనితనం

గుడ్డ నేలమీద పడింది. పడింది నా చేతిలోంచే. అరచేయంత మైక్రోఫైబర్ గుడ్డ, పొద్దున్నే ఉతికి ఆరేసింది, పడింది కూడా కడిగి తుడిచిన గచ్చుమీద. వంగి తీసి, దులిపి, మళ్లీ బానెట్ మీద పెట్టబోతుంటే మేస్త్రి నా మణికట్టు పట్టుకున్నాడు.

"అబ్బయ్యా, అది ఇంక చక్రాలకే. కారు ఒంటికి తగలనీబాక."

రాత్రి పదకొండు దాటింది. తెల్లారి ఎనిమిదికల్లా ఆ కారు హైదరాబాదులో పాతకార్ల ప్రదర్శనకు చేరాలి. ఎర్రటి జాగ్వార్ ఈ-టైప్. ముక్కు అంత పొడుగ్గా, నడుము అంత సన్నగా ఉండే కారు భూమ్మీద ఇంకోటి పుట్టలేదని నా నమ్మకం. కాదనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. నేలమీద పడిన గుడ్డకు కంటికి కనపడని ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా చాలు, నాలుగు రోజుల చాకిరీ మీద గీత పడుతుంది. మేస్త్రి ఆ గుడ్డను నా చేతిలోంచి తీసుకుని చక్రాల బుట్టలో పడేసి, కొత్తది మడత విప్పి ఇచ్చాడు. ఆ బుట్టలోంచి ఏదీ తిరిగి పైకి రాదు. అదొక కులబహిష్కారం.

మాది మర్రిపాడు మండలం. మేస్త్రిదీ అక్కడే. నెల్లూరులో లారీ బాడీలకు లప్పం కలపడంతో మొదలైన చెయ్యి ఆయనది. తరవాత లారీ వెనక తలుపుల మీద నెమళ్లు, తామరపువ్వులు వేశాడు. ఆ తరవాత కార్ల రంగులకు, ఆ మీదట హైదరాబాదు పెద్దిళ్ల సెల్లార్లకు చేరాడు. అక్కడ గుడ్డ కప్పి దాచుకున్న స్పోర్ట్స్ కార్లకు శీతాకాలం ప్రదర్శనల ముందు ఒళ్లు తీర్చడం ఇరవై ఏళ్లుగా ఆయన పని. దీన్నే బయట డీటెయిలింగ్ అంటున్నారు. ఆయన ఆ మాట అనడు. ముగ్గు తీర్చినట్టు "కారు తీరుస్తుండా" అంటాడు. పేరు రాయొద్దన్నాడు గనక రాయడంలేదు. నేను ఆయన శిష్యుణ్ని కూడా కాను, సెలవులకు వెళ్లి గుడ్డలు అందించేవాణ్ని. అభిమానం పాలు ఎక్కువైందనిపిస్తే పాఠకులు కొంచెం నీళ్లు కలుపుకుని చదువుకోవచ్చు.

నీళ్లంటే గుర్తొచ్చింది, కథంతా అక్కణ్నుంచే మొదలవుతుంది. ఉదయగిరి, మర్రిపాడు మెట్టలో బోరునీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఫ్లోరైడు, సున్నం, ఉప్పు అన్నీ కలిసే వస్తాయి. ఆ నీళ్లతో కారు కడిగి ఎండలో వదిలేస్తే ఒక్కో బొట్టూ ఆరిపోయి తెల్లటి వలయం మిగులుతుంది. తుడిస్తే పోదు. రెండు మూడు ఎండలు తగిలితే ఆ వలయం రంగును తిని గుంట పడుతుంది. అప్పుడిక పాలిష్ పట్టాల్సిందే. అందుకే మేస్త్రి సంక్రాంతికి ఊరికొచ్చి తన పాత ప్రీమియర్ పద్మిని కడిగేటప్పుడు చివరి బిందెడు నీళ్లు క్యాను నీళ్లే పోస్తాడు. తాగేందుకు కొనుక్కునే నీళ్లు కారుకు పోస్తున్నాడని వాళ్ల అమ్మ గొణుగుతుంది. "తాగితే కడుపులో మరక కనపడదులేమ్మా" అని ఆయన నవ్వుతాడు. ఆ నవ్వులో బాధ ఉందని మా ప్రాంతంవాళ్లకు తెలుస్తుంది.

కడగడంలోనే సగం పాపాలు జరుగుతాయి. రోడ్డుపక్క సర్వీసింగులో ఒకే బకెట్టు, ఒకే స్పాంజి. చక్రం తోమి, ఆ స్పాంజితోనే తలుపు తోముతారు. మేస్త్రికి రెండు బకెట్లు: ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో ఉత్తనీళ్లు, రెండింటి అడుగునా జల్లెడ. చేతితొడుగు కారు మీద ఒక్కసారి పారాక ఉత్తనీళ్లలో జాడించి జల్లెడకేసి రుద్దుతాడు. మట్టి అడుగున దిగాకే మళ్లీ సబ్బులో ముంచుతాడు. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి దిగుతాడు, ఎందుకంటే మట్టి ఎక్కువుండేది కిందే. చెయ్యి నిలువుగా గానీ అడ్డంగా గానీ పోవాల్సిందే తప్ప గుండ్రంగా తిప్పకూడదు. చక్రాలకు వేరే బకెట్టు, వేరే బ్రష్షు. గిన్నెలు తోమే సబ్బు ముట్టనీడు, అది మురికితోపాటు మైనాన్నీ ఊడదీస్తుంది. ఇక తుడవడం అనే మాటే లేదు. వెడల్పాటి తువ్వాలు పరిచి, పసిబిడ్డకు నీళ్లు పోసి అద్దినట్టు అద్ది ఎత్తేస్తాడు.

కడిగేశాం, శుభ్రమైపోయిందనుకుంటాం. అప్పుడాయన కిరాణాకొట్లో ఇచ్చే పలచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద నిమరమంటాడు. ఒట్టి చేతికి నున్నగా తగిలిన రంగు కవరు చేతికి గరగరమంటుంది. బ్రేకుల్లోంచి రాలిన ఇనుపరజను, రోడ్డు తారు, చెట్ల జిగురు అన్నీ రంగులో దిగబడిపోయి ఉంటాయి. ఇనుపరజనుకు ఒక మందు కొడతారు. అది తగిలినచోట కారు నేరేడుపండు రసం కారినట్టు ఊదారంగులో ఏడుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు కారు పాడైందని హడలిపోతారు. ఇనుము కరిగేటప్పుడు మారే రంగది. మిగిలినదాన్ని బంకముద్దతో తీస్తారు. దాన్ని క్లే బార్ అంటారు, 1980ల చివర్లో జపాన్‌లో పుట్టింది. ముందు జారుడు నీళ్లు చల్లి, ముద్దను వేళ్లతో బిళ్లలా ఒత్తి, బరువు పెట్టకుండా జరుపుతారు. మొదట్లో గరగర వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగిపోయిందంటే అక్కడ పనైపోయినట్టే. మేస్త్రి కళ్లు మూసుకుని చేస్తాడీ పని. ముద్ద నేలమీద పడితే ఎంత ఖరీదుదైనా సరే, చెత్తబుట్టే గతి.

ఆ తరవాత దీపాలు ఆర్పి టార్చి వేస్తాడు. ఏటవాలుగా పడిన వెలుగు చుట్టూ సన్నటి గీతల సాలెగూడు కనపడుతుంది. నల్లకారు ఉన్నవాళ్లకు మధ్యాహ్నం ఎండలో ఆ గూడు బాగా తెలుసు. మన డ్రైవర్లు పొద్దున్నే ఈక బ్రష్షుతోనో పొడిగుడ్డతోనో దుమ్ము దులిపిన పుణ్యమే అదంతా. పగలు చూస్తే పెళ్లికూతురిలా ఉన్న కారు ఆ టార్చి ముందు ముసలమ్మైపోతుంది.

ఇక్కణ్నుంచి అసలు విద్య. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక లెక్క తెలియాలి. ఇప్పటి కార్లమీద ఫ్యాక్టరీ రంగు అన్ని పొరలూ కలిపి దాదాపు 100 నుంచి 150 మైక్రాన్ల మందం. అందులో పైనుండే క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల చిల్లర. అంటే కారుకు మెరుపునిచ్చే ఆ పొర వెంట్రుక కంటే పలచన. గీతను పోగొట్టడమంటే గీతను పూడ్చడం కాదు, గీత లోతుదాకా చుట్టూ ఉన్న రంగును కోసి చదును చేయడం. ఒకసారి కాంపౌండు అనే గరుకు మందు పట్టిస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. పోయింది మళ్లీ రాదు. ఏటేటా పాలిష్ కొట్టించి మురిసిపోయేవాళ్లు తమ కారు చర్మాన్ని ఏటేటా కొంచెం ఒలిపిస్తున్నారు. మేస్త్రి గొప్పంతా ఆయన ఎంత మెరిపిస్తాడన్నదాంట్లో లేదు, ఎంత తక్కువ తీసి మెరిపిస్తాడన్నదాంట్లో ఉంది.

అందుకే మందం కొలిచే మీటరు లేకుండా పాలిష్ యంత్రం ముట్టడు. కారంతా చిన్న చిన్న గడులుగా కొలిచి టేపుముక్కల మీద అంకెలు రాసి అంటిస్తాడు. ఒకసారి ఒక ఆసామి, కొత్తగా కొన్న పాతకారు చూపించి "రంగు కంపెనీదే మేస్త్రీ, ఇంతవరకు ఎవరూ ముట్టలేదు" అన్నాడు. బానెట్ మీద 110, పైకప్పు మీద 105 చూపించిన మీటరు వెనక మడ్గార్డు మీదికొచ్చేసరికి 600 దాటింది. కింద లప్పం ఉంది, ఎప్పుడో గుద్దుకుంది. ఆసామి ముఖం వాడిపోయింది. మేస్త్రి ఏమీ అనలేదు, టేపుముక్క మీద అంకె రాసి అంటించాడంతే.

ఈ-టైప్ లాంటి పాతకార్లకు క్లియర్ కోటు ఉండదు. ఒంటిపొర రంగు, పైనంతా రంగే. పాలిష్ ప్యాడు ఎర్రగా మారుతుంది. దాన్ని చూసి కొత్తవాళ్లు భయపడతారు, పాతవాళ్లు ఆ ఎరుపెంతో చూసి ఎప్పుడు ఆపాలో తెలుసుకుంటారు. ఆ కారు బానెట్ మీద గాలి పోవడానికి మొప్పల్లాంటి చీలికలుంటాయి. వాటి అంచులమీద రంగు అన్నిటికన్నా పలచన. యంత్రం అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగినా కింద ప్రైమరు పళ్లికిలిస్తుంది. మేస్త్రి ఆ అంచులన్నిటికీ టేపు వేసేస్తాడు. చీలికల మధ్యభాగాన్ని వేలికి గుడ్డ చుట్టుకుని చేత్తోనే రుద్దుతాడు. ఒక రోజంతా దానికే పోయింది. చూస్తూ కూర్చున్న నాకు విసుగొచ్చింది, ఆయనకు రాలేదు.

ముందు మెత్తటి ప్యాడు, మెత్తటి మందు. అడుగు పొడవు అడుగు వెడల్పు గడిలో ప్రయత్నించి చూస్తాడు. చాలకపోతేనే ఒక మెట్టు గరుకుది. మన బఫింగు కుర్రాళ్లు దీన్ని తలకిందులు చేసి, గరుకుదాంతో మొదలుపెట్టి మెత్తదాంతో ముగిస్తారు. యంత్రాల్లో రెండు జాతులు. ఒకటి గిర్రున ఒకేచోట తిరిగే రోటరీ, కోత ఎక్కువ, వేడి ఎక్కువ. రెండోది తిరుగుతూ ఊగే డ్యూయల్ యాక్షన్, నెమ్మదస్తురాలు. ఇప్పుడందరూ రెండోదే వాడమంటున్నారు, మంచిదే. కానీ రోటరీ పట్టిన మేస్త్రి చెయ్యి చూడాలి. మంగలి కత్తి గొంతుమీద నడిచినట్టు నడుస్తుంది. యంత్రం చప్పుడు కాస్త బొంగురుపోగానే ఎత్తేస్తాడు, వేలి వెనకవైపు ఆనించి వేడి చూస్తాడు, రెండు చుక్కల నీళ్లు చల్లి మళ్లీ మొదలుపెడతాడు. నిజం చెప్పాలంటే ఈ పనిలో రోటరీని ఇంత సున్నితంగా తిప్పే చెయ్యి నేను రెండోది చూడలేదు.

మరో చిన్న సంగతి. చాలా పాలిష్‌లలో నూనెలుంటాయి. అవి గీతల్లో నిండిపోయి గీత పోయినట్టు కనపడుతుంది. రెండుసార్లు కడిగితే నూనె పోయి గీత మళ్లీ నవ్వుతుంది. మేస్త్రి ప్రతి గడి తరవాతా స్పిరిట్ గుడ్డతో తుడిచి, నూనె తీసేసి, మళ్లీ టార్చి వేస్తాడు. తన పనిని తానే అనుమానిస్తాడు. బిల్లు ఇచ్చేవాడు అడగడు, చూడడు కూడా. అయినా తుడుస్తాడు.

చివరికి మైనం. ఇక్కడ నా నెల్లూరు రక్తం ఆగదు, కాస్త పక్కకు వెళ్తాను. ఈ పనిలో రాజుగా చెప్పుకునే కార్నౌబా మైనం బ్రెజిల్ ఈశాన్య మూలన మెట్ట ప్రాంతాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులమీది పొడి. ఎండకు ఆకులోని తడి ఆవిరి కాకుండా చెట్టు తనమీద తాను పూసుకునే పూత అది. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి, రాలిన పొడిని కరిగిస్తారు. ఎనభై డిగ్రీల పైన వేడి తగిలితే గానీ కరగదు, అంత గట్టిది. అదే బ్రెజిల్‌కు 19వ శతాబ్దం నుంచి 1960ల దాకా మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి వెళ్లాయి. అక్కడ వాటి పేరు నెలోర్, మన నెల్లూరే. ఈనాడు ఆ దేశపు మాంసం పశువుల మందల్లో సింహభాగం వాటిదే. మనం ఎద్దునిచ్చాం, వాళ్లు మైనమిచ్చారు అని మేస్త్రికి చెబితే కాసేపు ఆలోచించి, "బేరం వాళ్లకే లాభం" అన్నాడు.

ఆ మైనాన్ని ఆయన ప్యాడుతో పుయ్యడు. చిటికెడు తీసి రెండు అరచేతుల మధ్య రుద్ది, ఒంటి వేడికి మెత్తబడ్డాక, చేత్తోనే కారుకు రాస్తాడు. తలంటు పోసే ముందు నూనె పెట్టినట్టు ఉంటుంది. పలచగా రాస్తాడు, కనీ కనపడనంత పలచగా. మందంగా రాస్తే పైది పైనే ఉండిపోయి తుడిచేటప్పుడు గుడ్డకే పోతుంది.

మిగతా పని చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఈ-టైప్ తీగచక్రానికి 72 పుల్లలు, నాలుగు చక్రాలకు 288. ఒక్కో పుల్ల వెనక గుడ్డపేలిక దూర్చి, రెండు చివరలూ పట్టుకుని బూటుపాలిష్ పిల్లాడిలా ముందుకూ వెనక్కూ లాగాలి. నేను నలభై దాకా చేసి నడుము పట్టుకున్నాను. తోలు సీట్లకు కొబ్బరినూనె రాసి మెరిపించేవాళ్లున్నారు. అది కొన్నాళ్లకు ముక్కిపోయి, దుమ్ము పట్టి, తోలును నల్లబరుస్తుంది. మంచి తోలు మెరవకూడదు, మెత్తగా ఉండాలి, తోలు వాసనే రావాలి. టైర్లకు నిగనిగలాడే నల్లరసం పుయ్యడమంటే మేస్త్రికి ఒళ్లుమంట, "కాటుక కారినట్టుండాది" అంటాడు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మొదట్లో గుర్రపుబగ్గీల వార్నిషే కార్లకూ వేసేవారు, ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ కంపెనీ డూకో అనే లక్కరంగు తెచ్చింది, గంటల్లో ఆరింది, కార్లకు రంగులొచ్చాయి. మన పెయింటింగు షెడ్లలో ఈరోజుకీ ఏ కంపెనీ రంగునైనా డూకో అనే అంటారు. ఇప్పుడు కారు పాలిష్‌లకు ప్రపంచమంతా పేరున్న మెగ్వయర్స్ 1901లో అమెరికాలో కర్రసామాను పాలిష్‌తో మొదలైంది. ఇది విన్నప్పుడు నాకు ఉదయగిరి కొయ్య గరిటెలు గుర్తొచ్చాయి. కొయ్యను నున్నగా చేసే చెయ్యే ఇనుమునూ నున్నగా చేస్తుంది. మనవాళ్లు గరిటెల దగ్గర ఆగిపోయారు, అంతే తేడా.

కార్ల అందాలపోటీలను ఫ్రెంచివాళ్ల మాటతో కాంకూర్ అంటారు. వాటిలో పేరుమోసినది కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్‌ది, 1950లో మొదలైంది. ఆ ఏడాది అక్కడ జరిగిన రోడ్డుపందెంలో జాగ్వార్ ఎక్స్‌కే120 తోలి గెలిచింది ఫిల్ హిల్ అనే కుర్రాడు. 1955లో అదే ఫిల్ హిల్ ఒక 1931 నాటి పియర్స్-యారో కారును బాగుచేసి తెచ్చి, అదే చోట అందాలపోటీలో మొదటి బహుమతి కొట్టాడు. 1961లో ఫెరారీ తోలి ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. స్టీరింగు పట్టిన చెయ్యే గుడ్డా పట్టింది! ఈ పనిని బంట్రోతు పని అనుకునే మన పెద్దమనుషులకు ఈ కథ నేను విసుగులేకుండా చెబుతుంటాను. 1990లో ఆ బహుమతి ఫ్యాషన్ వ్యాపారి రాల్ఫ్ లారెన్ 1938 నాటి బుగాటి అట్లాంటిక్‌కు వచ్చింది. దాన్ని తీర్చినవాడు పాల్ రసెల్. యజమాని పేరుతోపాటు పనివాడి పేరు కూడా చరిత్రలో నిలిచిందక్కడ. మన దగ్గర ఆ మర్యాద ఇంకా రాలేదు.

మనకూ గతం లేక కాదు. నిజాం కోసం తయారైన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్-రాయిస్, దర్బారు సింహాసనంలాంటి సీటుతో, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, టిక్కెట్టు కొని ఎవరైనా చూడొచ్చు. దానిముందు నిలబడిన ప్రతిసారీ మేస్త్రి చేతులు వెనక్కు కట్టుకుంటాడు. 2017 ఫిబ్రవరిలో కార్టియే సంస్థ తన కాంకూర్‌ను ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పెట్టినప్పుడు దేశంలోని మేలైన పాతకార్లు ఆ కొండెక్కాయి. అలాంటిచోట జడ్జీలు చూసేది మెరుపొక్కటే కాదు. పైపుకు బిగించిన క్లిప్పు ఆ కాలందేనా, మరమేకుకు ఆ కాలపు తలే ఉందా, రంగు అసలుదేనా, అతిగా సింగారించారా అని కూడా చూస్తారు. మా డీసీపల్లి వేలంకేంద్రంలో పొగాకు ఆకును వేళ్లమధ్య నలిపి, వెలుగుకు పట్టి గ్రేడు చెప్పే కొనుగోలుదారులను చూసినవాణ్ని నేను. కాంకూరు జడ్జీల చూపు సరిగ్గా అదే. ఆకుకు రంగు పూసి మోసం చెయ్యలేం, చెయ్యి పడగానే తెలిసిపోతుంది.

పెబుల్ బీచ్‌లో ముట్టుకోని కార్లకు వేరే వర్గమే పెట్టారు. గీతలు, వెలిసిన రంగు, అరిగిన తోలు ఉన్నవి ఉన్నట్టే, ఎంత బాగా కాపాడారన్నదే పోటీ. నా పక్షం అటే, దాచను. అరవై ఏళ్ల రంగు కొద్దిగా వెలిసిందని గీకేసి కొత్తరంగు కొట్టించేవాళ్లను చూస్తే పాత గుడి గోడకు సున్నం కొట్టేవాళ్లు గుర్తొస్తారు.

ఇక తిట్టాల్సినవాళ్ల దగ్గరికొచ్చాం.

ఇప్పుడు ఆత్మకూరు దాకా కూడా వచ్చేశాయి డీటెయిలింగ్ స్టూడియోలు. నీలం దీపాలు, అద్దాల గది, గోడమీద "9హెచ్ సెరామిక్ కోటింగ్, అయిదేళ్ల గ్యారంటీ." 9హెచ్ అంటే వజ్రం కంటే ఒక్కమెట్టు కింద అని చెబుతారు కుర్రాళ్లు, పాపం వాళ్లకూ అలాగే చెప్పారు. వజ్రం కొలత వేరు, ఇది వేరు. 9హెచ్ అన్నది పెన్సిలు కొలత. అంత గట్టి పెన్సిలుతో గీకితే గీత పడలేదని అర్థం, అంతే. మన రోడ్డుమీది ఇసుక పెన్సిలు ములుకు కాదు, అది ఏ పూతనైనా గీకుతుంది. అసలైన సెరామిక్ పూతలు లేవని నేననను. ఉన్నాయి, బాగా పనిచేస్తాయి, వానకు మురికి జారిపోతుంది. కానీ ఆ పూతకు ముందు కడగడం, బంకముద్ద, పాలిష్, స్పిరిట్ తుడుపు అన్నీ కలిపి రెండు మూడు రోజుల పని ఉంది. దాన్ని ఎగ్గొట్టి పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేస్తే సాలెగూడు మీద అద్దం బిగించినట్టే. ఇక ఆ గూడు అయిదేళ్లు పదిలం.

టెఫ్లాన్ కోటింగు ఇంకా పచ్చి మోసం. టెఫ్లాన్ కరగాలంటేనే 327 డిగ్రీల వేడి కావాలి. పెనానికి అతికించడానికి కొలిమిలాంటి పొయ్యిలో కాలుస్తారు. కారుకు అంత వేడి పెడితే రంగు మాడి, రబ్బర్లు కరిగి, గుజిరీకి తూకానికి పోతుంది. మరి డబ్బాలో ఉన్నదేంటి? మామూలు మైనంలో ఆ పొడి కలిపి పేరు పెద్దది పెట్టారు. సిలికాన్ నూనె పాలిష్‌లు ఇంకో దయ్యం. ఇవాళ మెరుస్తాయి. రేపు ఆ కారుకు ఎక్కడన్నా రంగు వెయ్యాల్సొస్తే కొత్త రంగు అతక్కుండా గుండ్రటి గుంటలు పడతాయి. వాటిని ఫిష్ ఐ అంటారు, అచ్చం చేపకన్నుల్లా ఉంటాయి. పెయింటరు తల పట్టుకుంటాడు. కారణం ఎవరికీ తెలియదు.

నా సొంత కారు బాధ కూడా చెప్పుకోనివ్వండి. మేస్త్రి ఊళ్లో లేని సమయంలో ఒక స్టూడియోకు ఇచ్చాను, పేరెందుకు. నల్ల కారు, బాగా ముచ్చటపడి కొన్నది. సాయంత్రం తీసుకోవడానికెళ్తే నల్లటి అద్దంలా ఉంది. ఇంటికొచ్చి మర్నాటి ఎండలో చూస్తే వెనక తలుపు అంచున, రేకు మడత తిరిగే చోట, రెండు వేళ్లంత మేర మసకగా, పాలుగారినట్టు. రోటరీ అక్కడ నిలబెట్టారు, క్లియర్ కోటు కాలిపోయింది. వెళ్లి అడిగితే అది ముందే ఉందన్నారు. మేస్త్రి వచ్చాక చూసి, ఆ మచ్చ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నన్ను తిడతాడేమోననుకున్నా. "వానికి ఎవరూ చెప్పలేదు అబ్బయ్యా. చెప్పి ఉంటే ఆడ టేపేసేవాడు" అన్నాడు.

నా కోపమంతా ఆ "ఎవరూ చెప్పలేదు" దగ్గరే ఉంది. మిషను కొనడానికి అప్పులిస్తారు, మందులమ్మే కంపెనీవాడు మధ్యాహ్నం దాకా శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్టు చేతిలో పెడతాడు. రంగు కింద ఏముందో, అంచున ఎంత పలచనో, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు లేరు. మేస్త్రి దగ్గర ఇద్దరు కుర్రాళ్లు చేరారు. ఒకడు ఆర్నెల్లు బకెట్లు మోసి విసిగి డెలివరీ పనికి పోయాడు. రెండోవాడు ఏడాది ఉన్నాడు, చెయ్యి బాగుంది, పెళ్లయింది, బెంగుళూరు పోయి స్టూడియోలో చేరాడు. రోజుకు మూడు కార్లు చేస్తున్నానని ఫోను చేశాడట. రోజుకు మూడు! మేస్త్రి ఆ పూట అన్నం సరిగా తినలేదని వాళ్లావిడ చెప్పింది. కోట్లు పెట్టి కార్లు కొని, తీర్చేవాడి కూలి దగ్గర వందలు బేరమాడే యజమానులారా, మీ తప్పు కూడా కొంత ఉంది. మీ సెల్లార్లో ఒక కుర్రాణ్ని మేస్త్రి పక్కన రెండేళ్లు నిలబెట్టి జీతమివ్వండి. నెల్లూరులో, ఆత్మకూరులో ఐటీఐలు నడిపేవాళ్లు డెంటింగు పెయింటింగుతోపాటు ఈ పనీ నేర్పించండి. మీటరు ఒకటి, టార్చి ఒకటి, పనికిరాని నాలుగు పాత తలుపులు ఉంటే చాలు పాఠానికి. తలుపులు పాడైనా ఫరవాలేదు. నేర్చుకోవడానికి పాడుచేసే చోటు లేకనే కుర్రాళ్లు మన కార్ల మీద నేర్చుకుంటున్నారు.

ఆ ఈ-టైప్ సంగతి అడుగుతారేమో. తెల్లారి ప్రదర్శనలో దానిచుట్టూ జనం. పిల్లలు, పెద్దలు, సెల్ఫీలు. మేస్త్రి నలభై అడుగుల దూరంలో చెట్టుకింద నిలబడి టీ తాగుతున్నాడు. ఎవరో పెద్దాయన వేలితో బానెట్ మీద రాస్తున్నట్టు చూపిస్తూ ఏదో వివరిస్తుంటే గ్లాసు పట్టుకున్న మేస్త్రి చెయ్యి బిగుసుకుపోయింది. వేలు రంగుకు తగల్లేదు. గ్లాసు కింద పెట్టాడు.

సంక్రాంతికి ఊరికొచ్చాం ఇద్దరం. కనుమ పొద్దున వాళ్లింటి ముందు పద్మినికి క్యాను నీళ్లు పోసి అద్దడం అయిపోయింది. పక్కనే వాళ్ల తమ్ముడు ఎద్దులను కడిగి, కొమ్ములు చెక్కి, రంగు డబ్బా తెరిచాడు. మేస్త్రి ఆగమన్నాడు. సంచీలోంచి మైనం డబ్బా తీశాడు, అడుగున కొంచెమే మిగిలింది. అరచేతుల మధ్య రుద్దుకుని, తెల్లటి ఆ కోడె తల ఒడుపుగా పట్టుకుని, మొదలు నుంచి మొనదాకా కొమ్మును నిమిరాడు. తరవాత జేబులోంచి గుడ్డ తీసి నిలువుగా తుడిచాడు, ఒకసారి, రెండుసార్లు. కొమ్ము నల్లగా, లోపలినుంచి దీపం పెట్టినట్టు మెరిసింది. వాళ్ల తమ్ముడు రంగు డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.